తమ్ముడికి రైఫిల్ కావాలంట, ఏది కొనమని చెప్పాలి?

దుర్గం కింద రైతు
అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి పక్కన పల్లె. మా తమ్ముడు డెన్వర్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాడు, గ్రీన్ కార్డు కూడా వచ్చింది. ఆఫీసులో వాడి పక్క సీటు తెల్లాయన ఏటా అక్టోబరులో కొండల్లోకి ఎల్క్ వేటకు పోతాడంట. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. ఈసారి వీణ్ణి కూడా రమ్మన్నాడు. అక్కడ లైసెన్సు తీసుకుంటే అది చట్టబద్ధమే.

వీడు నెల రోజులుగా యూట్యూబ్ చూసి చూసి, .300 విన్ మాగ్ అనే పెద్ద తూటా రైఫిలు, దాని మీదికి 6-24×56 స్కోపు (ఆరు నుంచి ఇరవై నాలుగు రెట్లు పెద్దదిగా చూపించే దుర్భిణి, ముందు అద్దం 56 మిల్లీమీటర్లు) కొంటానని కూర్చున్నాడు. 800 గజాల నుంచి కొడతాడంట. చిన్నప్పుడు మంచె మీద కూర్చుని వడిసెల తిప్పితే పిట్టలు లేవలేదు గానీ మా నాయన తలపాగా లేచింది. ఆ మనిషే ఇప్పుడు 800 గజాలంటున్నాడు.

నేను ఎన్‌సీసీలో .22 కాల్చానన్న పాపానికి సలహా నన్నడుగుతున్నాడు. నాకు తెలిసింది సున్నా. ఇక్కడ మిలిటరీలో చేసినవాళ్ళు, అమెరికాలో ఉన్నవాళ్ళు ఉన్నారు కదా, కాస్త చెప్పండి.

ఇంకో మాట కూడా. నాకు నాలుగెకరాల వేరుశనక్కాయ ఉంది. కొండ దిగి వచ్చే అడవిపందులు ఈ ఏడు ఎకరం తవ్వి పోసినాయి. అట్టాంటి రైఫిలు ఒకటి మనకు కూడా దొరుకుద్దా?

సోడాబుడ్డి
నాయన తలపాగా ఎన్ని గజాల్లో ఉందో చెప్తే రేంజి లెక్క కట్టొచ్చు.

కావలి టు టెక్సాస్
అన్నా, నేను ఇక్కడ తొమ్మిదేళ్ళుగా జింకల వేటకు పోతున్నా, కొలరాడోకి ఎల్క్ కోసం రెండుసార్లు పోయా. తమ్ముడికి ముందు ఒకటి చెప్పండి. వీడియోలో 800 గజాల్లో కొట్టినాయన, కొట్టకుండా తప్పిన యాభై సార్లను వీడియోలో పెట్టడు.

.300 విన్ మాగ్ చెడ్డ తుపాకి ఏం కాదు, 1963 నుంచి ఉంది, ఎల్క్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అయితే 800 గజాలు పోవడానికి ఆ గుండుకి కూడా దాదాపు ఒక సెకను పడుతుంది. గుండు బయల్దేరాక ఎల్క్ ఒక్క అడుగు ముందుకేసిందా, గుండెకని పంపింది పొట్టలో దిగుతుంది. అది చావదు, రెండు మైళ్ళు పోయి రాత్రంతా నరకం చూస్తుంది. మనకు దొరకదు కూడా.

గాలి సంగతి అంతకంటే ఘోరం. గంటకు పది మైళ్ళ అడ్డగాలి ఉంటే 800 దగ్గర ఆ గుండు దాదాపు మూడు అడుగులు పక్కకు పోతుంది. కొండల్లో మనం నిల్చున్న చోట గాలి ఒకటి, మధ్యలో లోయలో ఒకటి, జంతువు దగ్గర ఇంకోటి. ఐదు మైళ్ళు తప్పుగా అంచనా వేస్తే చాలు, అడుగు పైనే తేడా.

అసలు మొదటిసారి పోయేవాడికి భుజాన్ని అంత గట్టిగా వెనక్కి తన్నే తుపాకి మంచిది కాదు. నేను కొత్తలో ఇట్టాంటి మాగ్నమే కొన్నా. నాలుగో తూటాకే భుజం కమిలి, ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకోవడం అలవాటైంది. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి ఏడాది పట్టింది.

మాజీ హవల్దార్, ఒంగోలు
రైతు గారూ, పద్దెనిమిదేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేశాను. వేట నాకు తెలియదు, గురి తెలుసు.

నేను పట్టిన, సైన్యంలో దూరపు గురికి వాడే రైఫిల్ డ్రాగునోవ్‌కి ఉన్న దుర్భిణి నాలుగు రెట్లే, ముందు అద్దం 24 మిల్లీమీటర్లు. దాంతోనే 600 మీటర్ల దగ్గర మనిషి బొమ్మను కొట్టేవాళ్ళం. మీ తమ్ముడికి ఇరవై నాలుగు రెట్లు ఎందుకు? రెట్లు పెరిగే కొద్దీ గురి పెరగదు, మన ఊపిరీ గుండె దడా పెద్దగా కనిపిస్తాయి. కనిపించిన కొద్దీ టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్ పెరిగితే ట్రిగ్గర్‌ని గుంజుతాడు.

నా దగ్గర ఒక పరీక్ష ఉంది. పది అంగుళాల పేపర్ ప్లేటు ఒకటి 200 గజాల్లో పెట్టమనండి. బెంచి మీద ఇసుక బస్తాలు వేసుకుని కాదు, కొండ మీద ఎట్టా కూర్చుంటాడో అట్టా. ముందు వంద గజాలు పరిగెత్తి రావాలి. వచ్చి ఒక్కటంటే ఒక్క తూటా, చల్లటి బ్యారెల్‌తో. ఇంటికి పోవాలి. ఇంకో రోజు మళ్ళీ ఒకటి. ఐదు రోజుల్లో ఐదూ ప్లేటులో పడితే అప్పుడు 250కి జరపాలి. ఏ దూరంలో ఒకటి తప్పుతుందో దానికి ముందుదే వాడి రేంజి. రైఫిల్ పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే.

దుర్గం కింద రైతు
హవల్దార్ గారూ, ఇది చదివి వినిపిస్తే "ఒక్క తూటాకి ఎవడు రేంజి దాకా పోతాడు, గంటన్నర డ్రైవింగు" అన్నాడు.

మాజీ హవల్దార్, ఒంగోలు
ఎల్క్ కూడా ఒక్క తూటాకే నిలబడుతుంది. రెండోదానికి ఉండదు.

పది మీటర్ల గురి
నమస్తే. నేను ఎయిర్ రైఫిల్ షూటర్‌ని, మాది నెల్లూరే. మా టార్గెట్ 10 మీటర్లే, నవ్వకండి. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది, మా పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. మాకు స్కోపు ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టాలి.

తమ్ముడు గారు రేంజికి రోజూ పోలేకపోతే ఇంట్లోనే ప్రాక్టీసు చేయొచ్చు. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడ మీద చుక్క పెట్టుకుని ఊరికే ట్రిగ్గర్ నొక్కాలి. బ్యారెల్ చివర ఒక నాణెం నిలబెట్టమనండి. నొక్కినప్పుడు నాణెం పడిపోతే చెయ్యి కదిలినట్టు. రోజూ ఇరవై నిమిషాలు. మా కోచ్ మమ్మల్ని మొదటి రెండు నెలలు పెల్లెట్ ముట్టుకోనివ్వలేదు.

సోడాబుడ్డి
డెన్వర్‌లో రూపాయి బిళ్ళ దొరకదమ్మా, డాలర్ నోటు నిలబడదు.

పది మీటర్ల గురి
క్వార్టర్ ఉంటుంది అన్నా 🙂

వెలిగొండ పిట్ట
నాకు తుపాకులంటే పడదు, పిట్టల్ని చూసేవాణ్ణి. అయితే అద్దాల సంగతి కాబట్టి రెండు ముక్కలు.

ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి వచ్చే వెలుతురు గుండ్రం ఎంతో వస్తుంది. 56ని 24తో భాగిస్తే 2.3 మిల్లీమీటర్లు. మసక చీకట్లో మన కంటిపాప ఐదు, ఆరు దాకా విచ్చుకుంటుంది. అంటే ఆ ఖరీదైన స్కోపు పూర్తి రెట్లలో పెడితే, ఎల్క్‌లు బయటికొచ్చే సమయానికే బొమ్మ మసకబారుతుంది. అదే 44 అద్దాన్ని ఎనిమిది రెట్లలో పెడితే 5.5 వస్తుంది, హాయిగా కనిపిస్తుంది. సోమశిల వెనక నీళ్ళ దగ్గర పొద్దు గూకేటప్పుడు నా 8×42 బైనాక్యులర్స్‌లో కనిపించే కొంగ, పక్కాయన పెద్ద టెలిస్కోపులో కనపడదు.

ఇంకోటి. కింది వైపు రెట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. స్కోపు ఆరుతో మొదలైతే, చెట్లలో అరవై గజాల్లో ఎదురుపడినప్పుడు గోధుమరంగు బొచ్చు తప్ప ఏమీ కనపడదు, అది తలో తోకో తెలీదు. 3-15 తీసుకోమనండి. నడిచేటప్పుడు 3లో పెట్టుకుని నడవమనండి. కావలిస్తే పెంచుకోవడానికి టైము ఉంటుంది, తగ్గించుకోవడానికి ఉండదు.

కావలి టు టెక్సాస్
పిట్ట గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తుపాకులంటే పడనాయన దగ్గర్నుంచి ఇంత మంచి సలహా వస్తుందనుకోలేదు.

రైఫిల్ విషయానికొస్తే నా ఓటు 6.5 క్రీడ్‌మూర్‌కి. 2007లో వచ్చిన తూటా, భుజానికి తగిలే దెబ్బ .300లో సగం కూడా ఉండదు. 143 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు సెకనుకు 2700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 200 గజాలకు సున్నా కట్టుకుంటే, అంటే అక్కడ గురిపెట్టిన చోటే గుండు పడేలా స్కోపు సరిచేసుకుంటే, 300 దగ్గర దాదాపు ఎనిమిది అంగుళాలు కిందికి పడుతుంది, 400 దగ్గర ఇరవై రెండు, 500 దగ్గర నలభై నాలుగు. చూడండి, 200 నుంచి 300కి ఎనిమిదే, 400 నుంచి 500కి ఇంకో ఇరవై రెండు. దూరం నూరు గజాలే పెరిగింది, తప్పు మూడింతలు పెరిగింది. అందుకే దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా 300 దాటి కొట్టకూడదు.

ఎల్క్‌కి గుండు తగిలేటప్పుడు కనీసం 1500 ఫుట్‌పౌండ్ల బలం ఉండాలని పాత వేటగాళ్ళ లెక్క. శాస్త్రం కాదు, అనుభవం. ఈ గుండుకి ఆ బలం 400 గజాల లోపే అయిపోతుంది. కాబట్టి తుపాకే మనల్ని ఆపుతుంది, అదీ మంచిదే.

గ్రానైట్ గన్నయ్య
చీమకుర్తి నుంచి. 6.5 పిల్లల తుపాకి. మగ ఎల్క్ 300 కిలోల పైన ఉంటుంది. కనీసం .308 కొనమనండి. 1952 నుంచి ఉంది, అమెరికాలో ఏ పల్లెటూరి కొట్లో అయినా తూటాలు దొరుకుతాయి. లేదంటే .30-06, నూట ఇరవై ఏళ్ళ చరిత్ర.

కావలి టు టెక్సాస్
.308 బాగుంటుంది, కాదనను. దెబ్బ కొంచెం ఎక్కువ, గాలికి కొంచెం ఎక్కువ కొట్టుకుపోతుంది. 300 గజాల లోపు రెండింటికీ ఎల్క్ దృష్టిలో తేడా లేదు. తూటా పేరు మీద ఏళ్ళ తరబడి కొట్టుకునే ఫోరమ్‌లు ఇక్కడ బోలెడు, మనం కూడా మొదలెట్టొద్దు. తుపాకి ఏదైనా సరే, టిక్కా, హోవా, బెర్గారా, రూగర్ అమెరికన్, ఈరోజుల్లో అందరివీ మనకంటే బాగానే కొడతాయి. టిక్కా ఫిన్లాండ్‌ది, స్కోపు లేకుండా మూడు కేజీల లోపు. పదివేల అడుగుల ఎత్తులో రోజంతా మోసేవాడికి ఆ బరువే ముఖ్యం. తమ్ముడు చూసిన 56 అద్దం స్కోపు ఒక్కటే దగ్గర దగ్గర కేజీ ఉంటుంది.

డబ్బు సంగతి: రైఫిల్‌కి ఎంత పెడితే స్కోపుకి, దాన్ని పట్టుకునే రింగులకి కలిపి అంత పెట్టాలి. చాలామంది రైఫిల్‌కి ఉన్నదంతా పోసి, మిగిలిన చిల్లరతో స్కోపు కొని, రింగుల మరలు చేత్తో బిగిస్తారు. అవి వదులై గురి తప్పితే తుపాకిని తిడతారు. టార్క్ రెంచి కొనాలి, తయారీదారు చెప్పిన బిగువే బిగించాలి.

నెల్లూరు హెచ్1బి
అన్నా మధ్యలో అడుగుతున్నా. నేను హెచ్1బి మీద ఉన్నా, డాలస్. నేను కొనొచ్చా?

కావలి టు టెక్సాస్
తమ్ముడూ, జాగ్రత్త. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. మినహాయింపు ఉంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే. ఆ లైసెన్సు గడువు ముగిసిన రోజు నుంచి ఇంట్లో తుపాకి ఉండటమే నేరం అవుతుంది. వీసా పోయే వ్యవహారం, లాయర్ని అడక్కుండా కొట్లో అడుగు పెట్టొద్దు. గ్రీన్ కార్డు ఉన్న రైతన్న తమ్ముడికి ఈ గొడవ లేదు.

ఆయనకు కావాల్సింది హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్, అంటే వేట పాఠాలు నేర్చుకున్నట్టు కాగితం. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ కొలరాడోలో అది తప్పనిసరి. రైఫిల్ సీజన్‌లో మెరిసే నారింజ రంగో మెరిసే గులాబీ రంగో 500 చదరపు అంగుళాలు ఒంటి మీద కనపడాలి, తల మీద కూడా. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకే కాల్చాలి.

దుర్గం కింద రైతు
చాలా థాంక్స్ అబ్బా. మా వాడు ఇప్పుడు ఇంకో లెక్క పంపించాడు. స్కోపు తిప్పే గుండీకి ఒక్కో క్లిక్కు పావు అంగుళమంట. 400 గజాల్లో 22 అంగుళాలు పడుతుంది కాబట్టి 88 క్లిక్కులు పైకి తిప్పాలని. ఒప్పేనా?

మాజీ హవల్దార్, ఒంగోలు
తప్పు. పెద్ద తప్పు. పావు అంగుళం 100 గజాల దగ్గర. అది కోణం కొలత, పొడవు కొలత కాదు. దూరం నాలుగింతలైతే క్లిక్కు కూడా నాలుగింతలవుతుంది. 400 దగ్గర ఒక క్లిక్కు ఇంచుమించు ఒక అంగుళం. కాబట్టి 21 క్లిక్కులు. 88 తిప్పితే గుండు గురిపెట్టిన చోటుకి ఐదారడుగులు పైన పోతుంది.

దుర్గం కింద రైతు
వాడి మొహం ఫోన్లో చూడాల్సింది. ఇంజనీరు మళ్ళీ.

పది మీటర్ల గురి
ఎం.ఓ.ఎ., మిల్ అని రెండు కోణం కొలతలున్నాయి. ఎం.ఓ.ఎ. స్కోపుకి ఆ లెక్క. మిల్ స్కోపు అయితే ఒక క్లిక్కు 100 మీటర్లకు ఒక సెంటీమీటరు. మనం మీటర్లలో పెరిగాం కాబట్టి మిల్ తేలిక. రెండింట్లో ఏదైనా ఒకటే, గుండీ, లోపలి గీతలు రెండూ ఒకే కొలతలో ఉండాలి. ఒకటి ఎం.ఓ.ఎ., ఇంకోటి మిల్ ఉన్న స్కోపు చవగ్గా దొరికినా వద్దు.

గ్రానైట్ గన్నయ్య
స్కోపు లోపలి గీతలు ఉండేది ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లోనా, సెకండ్‌లోనా? అసలు ప్రశ్న అది.

కావలి టు టెక్సాస్
ఫస్ట్‌లో రెట్లు మార్చినా గీతల కొలత మారదు, కానీ 3లో పెడితే గీతలు సాలెపోగులా అయిపోయి పొదల్లో కనపడవు. సెకండ్‌లో గీతలు ఎప్పుడూ ఒకేలా కనపడతాయి, కానీ గాలికి గీతల్తో సరిచేసుకుంటే ఒక్క రెట్ల దగ్గరే ఒప్పవుతుంది, సాధారణంగా చివరి రెట్ల దగ్గర. 300 లోపు కొట్టేవాడికి సెకండ్ చాలు. పైన మూతలున్న గుండీలైనా, లాక్ అయ్యే గుండీలైనా ఉండాలి, సంచిలో రాపిడికి తిరిగిపోకుండా.

మాజీ హవల్దార్, ఒంగోలు
ఒకటి మర్చిపోయారు. కొండ మీది నుంచి కిందికో, కింది నుంచి పైకో కొట్టేటప్పుడు దూరం ఎంతని చూపిస్తుందో అంత కాదు లెక్క. గుండుని కిందికి లాగేది భూమి, అది అడ్డంగా ఉన్న దూరానికే లెక్క. ముప్పై డిగ్రీల వాలులో 400 గజాలంటే 346 కింద లెక్కేసుకోవాలి. ఉదయగిరి దుర్గం మీద నిలబడి కిందికి రాయి విసిరినవాడికి చెప్పక్కర్లేదు. మంచి రేంజ్‌ఫైండర్ ఇది తనే లెక్కకట్టి చూపిస్తుంది.

నల్లకోటు, నెల్లూరు
ఇంతసేపూ చదువుతున్నాను. అమెరికా సంగతి బాగా చెప్పారు. రైతు గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, కాబట్టి నేనే విలన్ అవుతాను.

మన దగ్గర వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. అడవిపంది 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో, అంటే ఆ చట్టం కాపాడే జంతువుల రెండో జాబితాలో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

తుపాకి సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలాకి అని చెప్పింది ముఖ్యంగా మందు దట్టించే మజిల్ లోడింగ్ తుపాకి గురించి. దానికీ లైసెన్సు కావాలి. లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని చంపే హక్కు రాదు, ఈ ఒక్క ముక్క దగ్గరే మన రైతులు కేసుల్లో ఇరుక్కుంటున్నారు. .177 బోరు, 20 జౌల్స్ శక్తి లోపు ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు, కానీ దాంతో కుందేల్ని కొట్టినా వేటే.

దుర్గం కింద రైతు
సార్, కోపం తెచ్చుకోవద్దు. తమ్ముడు విమానమెక్కి సరదాకి చంపితే లైసెన్సు, నా చేను తిన్న పందిని నేను తరిమితే జైలు. ఇదేం న్యాయం?

నల్లకోటు, నెల్లూరు
తరమండి, ఎవరూ వద్దనరు. చంపొద్దంటుంది చట్టం. పదకొండో సెక్షన్ కింద, పంటకు నష్టం చేస్తున్న రెండో షెడ్యూలు జంతువుని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చినవాళ్ళు గానీ రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వొచ్చు. కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీల దాకా దించారు. మన దగ్గర మీరు చేయాల్సింది: పంట పోయిన రోజే ఫొటోలు తీసి, ఫారెస్టు రేంజి ఆఫీసులో నష్టపరిహారానికి అర్జీ, దాని రసీదు. ఊరంతా కలిసి పెడితే బరువుంటుంది.

కరెంటు తీగలు మాత్రం పెట్టొద్దు. దండం పెట్టి చెప్తున్నా. అట్టా పెట్టిన తీగ తగిలి మనిషి పోతే, తీగ పెట్టిన రైతు జైల్లో ఉంటాడు, పోయిన మనిషి ఎక్కువసార్లు పక్క చేను రైతే అయి ఉంటాడు. అలాంటి ఇంటి తరఫున ఒకసారి కోర్టుకెళ్ళా. ఆ పిల్లల మొహాలు ఇంకా గుర్తే.

మాజీ హవల్దార్, ఒంగోలు
ఇంకో కారణం నేను చెప్తా. అమెరికాలో కొండ వెనక మైళ్ళ కొద్దీ మనుషులుండరు. మన చేలల్లో రాత్రి ఎక్కడ చూసినా ఎవడో ఒకడు మోటారు వేయడానికి టార్చి పట్టుకుని తిరుగుతుంటాడు. చిన్న .22 తూటా కూడా కిలోమీటరు దాటి పోతుంది. పెద్ద రైఫిల్ గుండు మూడు కిలోమీటర్లు పోతుంది, రాయికి తగిలితే ఏ పక్కకి పోతుందో దేవుడికి తెలియాలి. పందులు వచ్చేది చీకట్లో. వద్దు.

వెలిగొండ పిట్ట
సౌర కంచె వేసుకోండి. అది తగిలితే చురుక్కుమంటుంది, చంపదు. కంచె ఆ కరెంటు తీగలాంటిది కాదు, దాని యంత్రం సెకనుకొకసారి క్షణం పాటే పంపుతుంది. కింది తీగ జానెడు ఎత్తులో ఉండాలి, లేకపోతే పంది ముట్టెతో కిందనుంచి దూరుతుంది. గడ్డి తగలకుండా వారానికోసారి కోయాలి. నలుగురు కలిసి వేస్తే ఖర్చు సగం.

పాత షికారీల కథలు విని తమ్ముడు దూరపు గురి అంటున్నాడేమో. చిత్తూరు అడవుల్లో, చామల లోయలో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ వాడింది .405 వించెస్టర్, దుర్భిణి లేకుండా. ఆ కాలం వాళ్ళు దగ్గరికి పోవడాన్నే వేట అన్నారు. అమెరికాలో 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అనే వేటగాళ్ళ సంఘం కూడా జంతువుకి మనల్ని పసిగట్టే అవకాశమే లేనంత దూరం నుంచి కొట్టడాన్ని ఒప్పుకోదు.

ఇంకొకటి, సీసం గుండ్లు వద్దని చెప్పండి. వేటగాళ్ళు వదిలేసిన పేగులు తిని గద్దలు సీసం విషంతో చస్తున్నాయి. రాగి గుండ్లు దొరుకుతాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసమే నిషేధం.

సోడాబుడ్డి
పిట్ట గారికి తుపాకులంటే పడదన్నారు, ఇక్కడ అందరికంటే ఎక్కువ ఆయనే చెప్తున్నారు.

దుర్గం కింద రైతు
(సెప్టెంబరు)
వార్త. తెల్లాయన రేంజికి తీసుకుపోయి తన .300 ఒకసారి ఇచ్చాడంట. ఐదు తూటాలు కాల్చి, భుజానికి ఐసు పెట్టుకుని, ఇంటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, 6.5 అన్నారు కదా మీ వాళ్ళు, ఏ కంపెనీ?" అని. టిక్కా కొన్నాడు. స్కోపు 3-15×44, మిల్. గన్నయ్య గారు క్షమించాలి.

హవల్దార్ గారి ప్లేటు పరీక్ష కూడా చేస్తున్నాడు. 200 దగ్గర ఐదుకి ఐదు. 250 దగ్గర ఐదు. 300 దగ్గర నాలుగు. 350 దగ్గర రెండు.

మాజీ హవల్దార్, ఒంగోలు
300లో ఒకటి తప్పింది. కాబట్టి 250. ఒప్పుకున్నాడా?

దుర్గం కింద రైతు
300 అని బేరమాడుతున్నాడు.

మాజీ హవల్దార్, ఒంగోలు
బేరం నాతో కాదు, ఎల్క్‌తో ఆడుకోమనండి. తప్పిన ఆ ఒకటి ఎక్కడ పడిందో అడగండి.

దుర్గం కింద రైతు
ప్లేటుకి ఎడమగా అడుగు. ఆ రోజు గాలి ఉందంట, లెక్కలోకి తీసుకోలేదంట.

కావలి టు టెక్సాస్
పది మైళ్ళ గాలికి 300 దగ్గర ఐదు అంగుళాలే పోతుంది. అడుగు పోయిందంటే సగం గాలి, సగం చెయ్యి. నాణెం ప్రాక్టీసు ఆపొద్దని చెప్పండి.

దుర్గం కింద రైతు
(అక్టోబరు నెలాఖరు)
పోయొచ్చాడు. ఐదు రోజులు. ఖాళీ చేతులు.

నాలుగో రోజు సాయంత్రం లోయకి అవతల పక్క మగ ఎల్క్ కనపడింది. లేజర్‌లో 430. తెల్లాయన "కొడతావా" అన్నాడంట. వీడు పడుకుని, స్కోపులో చూసి, గడ్డి ఒక పక్కకి వంగుతుంటే చూసి, లేచి కూర్చున్నాడంట. నాకు 250 అని చెప్పాడంట. ఆ తెల్లాయన వీడి భుజం తట్టి, "నా మొదటి ఏడు నేను కొట్టాను, దాన్ని రెండు రోజులు వెతికాం" అన్నాడంట. దొరికిందా అని వీడు అడగలేదు.

ఐదో రోజు పొద్దున అసలు కథ. మంచులో చెట్ల మధ్య నడుస్తుంటే డెబ్భై గజాల్లో ఎదురుగా ఎల్క్. తుపాకి ఎత్తాడు. స్కోపు నిండా గోధుమరంగు బొచ్చు. ముందు రోజు సాయంత్రం చూసినప్పుడు 15లో పెట్టిన స్కోపుని మళ్ళీ తిప్పలేదు. తిప్పేలోపు అది వెళ్ళిపోయింది.

వెలిగొండ పిట్ట
3లో పెట్టుకుని నడవమని ఆగస్టులోనే రాశాను.

దుర్గం కింద రైతు
అదే అడిగా సార్. "ఆ పోస్టు చదవలేదు, పిట్టలాయన కదా అని దాటేశా" అన్నాడు.

సోడాబుడ్డి
😂😂😂 పిట్టలాయనకి క్షమాపణ చెప్పమనండి.

పది మీటర్ల గురి
430 దగ్గర లేచి కూర్చున్నారు చూడండి, అది నాకు నచ్చింది. మ్యాచ్‌లో టైము అయిపోతున్నప్పుడు రైఫిల్ దించడం అన్నిటికంటే కష్టం.

గ్రానైట్ గన్నయ్య
.308 ఉంటే కొట్టేవాడు.

మాజీ హవల్దార్, ఒంగోలు
గన్నయ్యా, ఇంక చాలు.

దుర్గం కింద రైతు
వచ్చే ఏడు మళ్ళీ పోతాడంట, అప్పటికి 300 దగ్గర ఐదుకి ఐదు చేస్తాడంట. సంక్రాంతికి ఇంటికొస్తున్నాడు. తుపాకి, తూటా వ్యవహారాలేం సంచిలో తేవద్దని లాయరు గారి మాటగా చెప్పా.

మా సంగతి: పక్క రైతులు ముగ్గురం కలిసి సౌర కంచె వేశాం. అర్జీకి రసీదు తీసుకున్నా, పరిహారం ఇంకా రాలేదు. కంచె వేసిన నాలుగో రాత్రి పందులు వచ్చినాయి, ఒకటి కీచుమని అరిచింది, వెళ్ళిపోయినాయి. మళ్ళీ వాగు పక్కన కంచె లేని చోట చూస్తున్నాయి, అక్కడ కూడా తీగ లాగాలి.

వెలిగొండ పిట్ట
వాగులో నీళ్ళొస్తే కింది తీగ మునిగి కరెంటు దిగిపోతుంది. అక్కడ తీగని విడిగా స్విచ్చితో పెట్టుకోండి.

తమ్ముడు సంక్రాంతికి వస్తూ 8×42 బైనాక్యులర్స్ ఒకటి తేగలడేమో అడుగుతారా? డబ్బులిచ్చేస్తా.

దుర్గం కింద రైతు
తెస్తాడు సార్. క్షమాపణ కింద తెమ్మన్నా.

సోడాబుడ్డి
నాక్కూడా ఒకటి. నేను పిట్ట గారి పోస్టులన్నీ చదివా.